పసుపు కింద మరకలు

రుఆబాంధా, భిలాయి
1995 డిసెంబరు

ధర్మారావుకి,

మీ అప్ప బాగుంది, నేను బాగున్నాను. నువ్విచ్చిన తేనెటీగలు మాత్రం బాగాలేవు. అందుకే ఊళ్ళో అందరినీ పేరుపేరునా అడగడం ఈసారికి మానేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

నువ్వు పార్వతీపురంలో రాయపూర్ పాసింజరెక్కి, తడిగోనె కప్పి, టీసీతో తగువాడి మరీ తెచ్చి మా పెరట్లో నిలబెట్టిన రెండు తేనెపెట్టెలూ దీపావళి దాకా కళకళలాడాయి. ప్లేటు మిల్లులో నన్ను ఫోర్‌మన్ సాబ్ అనడం మానేసి 'శహద్ వాలే సాబ్', అంటే తేనె సారు, అంటున్నారు. అలాంటిది నెల్లాళ్ళుగా ఈగలు పెట్టె ముందు నేలమీద పాకుతున్నాయి. రెక్కలాడిస్తాయి, లేవలేవు. గడ్డిపరక ఎక్కి మళ్ళీ పడతాయి. పొద్దున్నే చీపురు పట్టుకుని చచ్చినవాటిని ఎత్తిపోయడం నా పనైంది. మనసు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇది రోగం కాదు. ఎవరి పనో నాకు తెలుసు. గోడ అవతలి క్వార్టరు శౌరిది. వైర్ రాడ్ మిల్లులో ఫిట్టరు, గుంటూరు వైపు క్రైస్తవులు. భార్య కాంతం నర్సు, ఏంజెలా అని కాలేజీలో చదివే కూతురుంది. పన్నెండేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం, కూరలు ఇచ్చిపుచ్చుకున్నాం. వాళ్ళ చిక్కుడు పందిరి మా గోడ మీదికి వస్తుంది. మొన్నామధ్య శౌరి భుజాన పంపు తగిలించుకుని ఆ పందిరికి ఏదో కొడుతుంటే నా కళ్ళతో చూశాను. అడిగితే 'సబ్బునీళ్ళు సార్, పేనుబంకకి' అన్నాడు. సబ్బునీళ్ళకి పంపెందుకు?

నువ్వు ఈగల పెంపకం కేంద్రంలో ఊరూరివాళ్ళకీ పాఠం చెప్పేవాడివి. అవి విషం వల్లే చచ్చాయని రుజువు చేయడం ఎలాగో రాయి. కాగితం మీద నీ సంతకం, కేంద్రం ముద్ర కూడా ఉంటే మరీ మంచిది. ఆ తర్వాత చేయాల్సింది నేను చేస్తాను.

మీ బావ
నరసింగరావు


పార్వతీపురం
1996 జనవరి

బావగారికి నమస్కారాలు,

సంతకం, ముద్ర రెండూ నా దగ్గర ఉన్నాయి గానీ అవి రోగిని చూశాక వేసేవి. మీరు శిక్ష ముందే ఖాయం చేసుకుని నేరం వెతికిపెట్టమంటున్నారు. మా చిన్నారావు పెళ్ళిలో మీ గొడుగు పోయిందని బ్యాండువాళ్ళ పెట్టెలన్నీ విప్పించారు, గుర్తుందా? రైల్లోనే మర్చిపోయామని అప్ప మర్నాడు చెప్పింది. బ్యాండువాళ్ళు అప్పటికి వెళ్ళిపోయారు.

ఎగతాళి చాలు. విషం తగిలిన ఈగలు నెల్లాళ్ళపాటు పాకుతూ కూర్చోవు బావా. ఒక్క పూటలో కుప్పలుగా పడతాయి. నాలుక బయటికి చాచుకుని చస్తాయి. పనికి వెళ్ళి వస్తూ పడిపోయినవి కాబట్టి కాళ్ళకి పుప్పొడి ముద్దలు అలాగే ఉంటాయి. మీరు రాసింది అలా లేదు. రోజూ కొన్ని, ఎగరలేక, నేలమీద. నాకిది కడుపు జబ్బులా కనిపిస్తోంది.

ఈగ ఎంత శుభ్రమైన ప్రాణో మీరు చూసే ఉంటారు. గూట్లో ఎప్పుడూ మలవిసర్జన చేయదు. చలికి, ముసురుకి బయటికి రాలేకపోతే ఎన్నాళ్ళైనా కడుపులోనే బిగబట్టుకుంటుంది. తిండి పడకపోయినా, కడుపులో రోగం చేరినా ఆ బిగింపు తప్పిపోతుంది. కదిలే పాసింజరులో మరుగుదొడ్డి తలుపు బిగుసుకుపోయినవాడి అవస్థ అనుకోండి. అప్పుడు గుమ్మం దగ్గరే, పెట్టె ముందు చెక్క మీదే పోతుంది. గోధుమరంగు చుక్కలు, కారిన చారికలు కనిపిస్తాయి. పులిసిన వాసన కొడుతుంది. పాకే ఈగని పట్టుకుని చూస్తే పొట్ట ఉబ్బి నిగనిగలాడుతుంది.

కాబట్టి ముందు పెట్టె చూసి రాయండి. చెక్క మీద మరకలున్నాయా? పొట్టలు ఉబ్బాయా? మరీ ముఖ్యంగా, పూలు తగ్గాక మీరు వాటికి ఏం పెడుతున్నారు? ఈ మూడూ తేలేదాకా శౌరిగారితో మాట పెంచుకోకండి. నా మాట వినండి.

ధర్మారావు


రుఆబాంధా, భిలాయి
1996 జనవరి

ధర్మారావుకి,

గొడుగు సంగతి ఇంకెన్నాళ్ళు మోస్తావు? బ్యాండువాళ్ళకి నేను మజ్జిగ కూడా పోయించాను, అది ఎవరూ చెప్పరు.

నువ్వడిగినవాటికి జవాబులు. పొట్టలు కొంచెం ఉబ్బిన మాట నిజం. చచ్చేముందు ఏ ప్రాణికైనా ఉబ్బుతుంది. మరకలు లేవు. ఉండవు కూడా. మిల్లులో విశ్వకర్మ పూజనాడు యంత్రాలకి పసుపు, కుంకుమ పెడతాం కదా, ఆ రోజునుంచీ మీ అప్ప పెట్టెలని కూడా ఆ వరసలో చేర్చింది. శుక్రవారం శుక్రవారం ముందు చెక్క తుడిచి, గడపకి రాసినట్టు పసుపు దట్టంగా రాస్తుంది. మా గడప కన్నా అదే శుభ్రంగా ఉంటుంది. వాసన సంగతి నన్నడక్కు, ముప్ఫైయేళ్ళు మిల్లులో పనిచేసినవాడి ముక్కు ఇది. తిండికి లోటు లేదు, మన ఇంటి తిండే పెడుతున్నాను.

శౌరి సంగతి నువ్వు పట్టించుకోకు. వాడితో చెప్పాల్సింది చెప్పేశాను. కాలనీ ఆఫీసులో ఒక కాగితం కూడా ఇచ్చాను. ఇది నీ ఉత్తరం రాకముందే అయిపోయింది, కాబట్టి నీ మాట వినలేదని అనుకోకు.

నరసింగరావు

తమ్ముడూ, ఉత్తరం అతికించి డబ్బాలో ఎయ్యమని నాకిచ్చి డ్యూటీకెళ్ళిపోనారు. ఆయన రాయంది నాను రాస్తన్నాను. మనింటి తిండంటే ఏటనుకుంటన్నావు? బెల్లం పానకం. అనకాపల్లి బెల్లం, మిరియాలు, యాలకులు ఏసి మరీ. పంచదార మిల్లులో ఎముకల బొగ్గుతో కడుగుతారంట, ఆ పాపం ఈగల సేత తినిపించకూడదని మీ బావ పంతం. చిన్న పళ్ళెంలో పోసి, పుల్లలేసి, రోజూ దగ్గరుండి పెడతారు. పిల్లలకి కూడా అంత ప్రేమగా పెట్టలేదు.

ఇంకోటి. పసుపు రాసినకాడ కిందికి సారికలు కారతన్నాయి. మంచుకి పసుపు తడిసి కారిందనుకుని తుడిసేసి మళ్ళీ రాసేదాన్ని. నీ ఉత్తరం సదివేకే అవి ఈగల మరకలని తెలిసింది. ఈ మాట ఆయనకి సెప్పలేదు. సెప్తే ఏటంటారో. కాంతం ఇప్పుడు నన్ను సూసి తలొంచుకుని ఎల్లిపోతంది. తప్పు ఆవిడది కాదేమోనని నాకు నిద్దర పట్టడం లేదు.

గున్నమ్మ


పార్వతీపురం
1996 జనవరి

బావగారికి,

అప్ప చివర్లో నాలుగు మాటలు రాసింది. అప్పని ఏమీ అనకండి. మీ ఈగలు బతికితే ఆ నాలుగు మాటల వల్లే.

బెల్లం మనకి మంచిది, ఈగకి కాదు. బెల్లంలో మడ్డి ఎక్కువ. అది అరగక ఈగ కడుపులో పేరుకుపోతుంది. వేసవిలోనైతే ఎగిరి వెళ్ళి ఎక్కడో వదిలేసుకుని వస్తుంది. మీకక్కడ డిసెంబరులో పొగమంచు, ముసురు. బయటికి రాలేదు, లోపల ఆపుకోలేదు. మిరియాల సంగతి మా కేంద్రంలో చెప్తే ఎవరూ నమ్మరు. ఈ ముక్క మీకు పెట్టెలిచ్చిన రోజునే చెప్పాల్సింది. మీరు పంచదార పాకం పెడతారని నేనే అనుకున్నాను. పాఠం చెప్పేవాడు ఇంట్లోవాళ్ళకి చెప్పడం మర్చిపోయాడు. అందుకు నాకు సిగ్గుగానే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది. పానకం ఆపేయండి. చెక్క మీద పసుపు కడిగేసి కొన్నాళ్ళు ఏమీ రాయొద్దు. గుమ్మం ముందు నేలమీద తెల్లకాగితం పరిచి నాలుగువైపులా రాళ్ళు పెట్టండి. ఎండ కాసిన మధ్యాహ్నం ఈగలు బయటికొచ్చాక ఆ కాగితం చూడండి. మీకే తెలుస్తుంది.

అయినా ఇంకొకటి తేల్చుకోవాలి. అప్పుడే చచ్చిన ఈగని తీసుకుని, తోక చివరని గోళ్ళతో పట్టుకుని మెల్లగా లాగండి. పేగు దారంలా వస్తుంది. అది పాలలా తెల్లగా ఉబ్బి, మెత్తగా ఉంటే అంటురోగం. అలాంటివి కొన్ని అగ్గిపెట్టెలో పెట్టి నాకు పంపండి, భూతద్దం కింద చూస్తాను. పేగు గోధుమరంగులోనే ఉండి, చుట్టు మడతలు తెలుస్తూ, వెనకభాగం మాత్రం పసుపు నీళ్ళతో నిండి ఉంటే అంటురోగం కాదు, తిండి దోషం. పంచదార చిక్కటి పాకం కొద్దికొద్దిగా పెట్టండి, పెట్టెలు ఎండ తగిలేచోటికి మార్చండి. కోలుకుంటాయి.

చివరగా ఒకటి. శౌరిగారితో 'చెప్పాల్సింది చెప్పేశాను' అని ఒక్క వాక్యంలో దాటేశారు. ఏం చెప్పారు బావా? కాలనీ ఆఫీసు కాగితంలో ఏం రాశారు?

ధర్మారావు


రుఆబాంధా, భిలాయి
1996 ఫిబ్రవరి

ధర్మారావుకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయనిది తీరిక లేక కాదు.

పసుపు కడిగాను. కింద చెక్కంతా చారికలే. కాగితం పరిచాను. మధ్యాహ్నానికి దాని మీద ఆవపిండి చల్లినట్టు మరకలు. పేగు కూడా లాగి చూశాను. గోధుమరంగే. వెనక భాగం నీళ్ళతో నిండి, పట్టుకుంటే పగిలేలా ఉంది. ఎన్ని చూసినా అంతే. విషం లేదు, అంటురోగం లేదు. నేను పళ్ళెంలో పోసి, దగ్గర కూర్చుని, ముద్దుగా తాగించిందే వాటిని చంపింది.

పంచదార పెడుతున్నాను. పాకేవి తగ్గాయి. ఒక పెట్టె గట్టిపడింది, రెండోదాంట్లో ఈగలు మూడు చట్రాల మీదే మిగిలాయి కానీ రాణి ఉంది.

ఇక నువ్వడిగింది. రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను.

క్రిస్మస్ ముందు ఒక పొద్దున పాలబూత్ దగ్గర వరసలో శౌరి నా ముందు నిలబడి ఉన్నాడు. మా సెక్టారు తెలుగువాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. నోరులేని ప్రాణాలకి విషం పెట్టావని అరిచాను. 'సబ్బునీళ్ళే సార్, కావాలంటే పంపు తెచ్చి చూపిస్తా' అన్నాడు. నేను ఊరుకోలేదు. 'మీవాళ్ళని పక్కన పెట్టుకోవడమే మాది తప్పు' అన్నాను. మీవాళ్ళు అంటే ఎవరో అక్కడున్న ప్రతివాడికీ అర్థమైంది. శౌరి పాలు తీసుకోకుండానే క్యాను పట్టుకుని వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళలో ఆ మాట నా మనసులో ఉందని నాకే తెలియదు. ఎక్కడ దాక్కుని ఉందో, కోపం రాగానే ముందు అదే వచ్చింది.

కాలనీ ఆఫీసులో ఇచ్చిన కాగితంలో వాళ్ళ చిక్కుడు పందిరి హద్దు దాటిందని రాశాను. మా వరసలో హద్దు దాటని పందిరి లేదు, మాదీ దాటింది. మనుషులొచ్చి వాళ్ళది మాత్రం పీకేశారు. పూతమీదున్న పాదు. నా ఈగలు రోజూ వాలే పాదు. శౌరి గుమ్మంలో నిలబడి చూశాడు. నేను కిటికీలోంచి చూశాను.

ఇప్పుడు వాళ్ళు క్వార్టరు మార్చమని పెట్టుకున్నారట. మార్చి నెలాఖరుకి వేరే సెక్టారుకి వెళ్ళిపోతారని రాజాబాబు చెప్పాడు. అతను మా మిల్లువాడే, పాలబూత్ వరసలో ఆ రోజు ఉన్నవాడే. నాకొక ఆలోచన వచ్చింది. జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడు వెళ్ళి బెల్లం, పేగులు అని చెప్పుకుంటే నలుగురిలో నవ్వులపాలవుతాను. వచ్చే యేడాది రిటైరయ్యేవాణ్ణి. కొత్త తేనె రాగానే ఒక మంచి సీసా మీ అప్ప చేత పంపిస్తాను. వాళ్ళకే అర్థమవుతుంది. నువ్వేమంటావు?

నరసింగరావు


పార్వతీపురం
1996 మార్చి

బావగారికి,

కార్డు ముక్కే రాస్తున్నాను. ఎక్కువ రాస్తే చిన్నవాణ్ణి హద్దు దాటుతాను.

తేనె సీసా పంపకండి. ఎక్కడ ఆ మాట అన్నారో అక్కడే, అందరూ వినేలా, ఆయన ముందు వెనక్కి తీసుకోండి. ఆయన ఊరుకున్నంత మాత్రాన మాట చెరిగిపోదు. వాళ్ళు వెళ్ళేలోపు చేయండి. ఈగల గురించి ఇకమీద నేను అడగను. ఇది అయిందని రాస్తేనే జవాబు రాస్తాను.

ధర్మారావు


రుఆబాంధా, భిలాయి
1996 మార్చి

ధర్మారావుకి,

నీ కార్డు పోస్ట్‌మన్ చేతిలోంచి మీ అప్ప అందుకుంది. కార్డు కాబట్టి చదివింది కూడా. దాన్ని నా టిఫిను పళ్ళెం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను తిట్టిన తిట్లన్నీ ఒకవైపు, ఆ కార్డు అక్కడ పెట్టడం ఒకవైపు.

అయినా వెంటనే వెళ్ళలేదు. పాలబూత్ దాకా పోవడం, శౌరిని వరసలో చూడటం, పాలు పట్టుకుని తిరిగొచ్చేయడం. ఇలా చాలాసార్లు చేశాను. తిట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు.

నిన్న వాళ్ళ సామాన్లకి ట్రక్కు మాట్లాడారని తెలిసింది. ఇవాళ పొద్దున వరసలో శౌరి ముందు నిలబడి, అందరూ వినేలా చెప్పాను. నా ఈగలు చచ్చింది నేను పెట్టిన బెల్లం వల్ల, శౌరి ఏ విషమూ కొట్టలేదు, నేను అబద్ధపు నింద వేశాను, వాళ్ళ మనుషుల గురించి అన్న మాట మనిషన్నవాడు అనాల్సింది కాదు అన్నాను. చేతులు జోడించాను. రాజాబాబు నా భుజం తట్టి 'ఛోడియే సాబ్, పురానీ బాత్ హై', వదిలేయండి పాత సంగతి, అన్నాడు. ఒకరిద్దరు బెల్లం మాటకి నవ్వారు. నేను తిట్టిన రోజు మాత్రం వీళ్ళలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ వదిలేయమనలేదు. శౌరి 'సరే సార్' అన్నాడు. పాలు తీసుకుని వెళ్ళాడు.

అంతటితో అయిపోయిందని ఇంటికొచ్చాను. మీ అప్ప కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. 'ఈదిలో సెప్పేరు, బాగుంది. ఆళ్ళింటికెళ్ళి సెప్పొద్దేటి?' అంది. ఇద్దరం వెళ్ళాం.

కాంతం తలుపు తీసింది. సామాన్లన్నీ మూటలు కట్టి ఉన్నాయి. మీ అప్ప ఆమె చేయి పట్టుకుని ఏడ్చింది, పసుపు కింద చారికలు తను చూసి కూడా తెలుసుకోలేదని చెప్పింది. కాంతం ఒక మూట విప్పి తెల్ల చీర తీసి చూపించింది. ఆమె డ్యూటీ చీర. దాని మీద అక్కడక్కడా పాలిపోయిన పసుపు చుక్కలు.

'నవంబరు నుంచీ పడుతున్నాయండి, తీగ మీద ఆరేసిన ప్రతిదాని మీదా' అంది. 'ఎంత ఉతికినా పోవు. మాసిన చీర కట్టుకొచ్చానని డ్యూటీలో రెండుసార్లు మాట పడ్డాను. మీకు చెప్దామంటే ఈయన వద్దన్నారు. మనం ఆ మాట అంటే నరసింగరావుగారు పెట్టెలు తీసేయాల్సొస్తుంది, పాపం ఆయనకి అవంటే ప్రాణం అన్నారు. ఇంట్లో ఆరేసుకున్నాను.'

నువ్వు నన్ను మరకలున్నాయా అని అడిగావు. లేవని నీకు రాశాను. అప్పటికే అవి గోడ అవతల ఆమె చీరల మీద ఉన్నాయి. ఆమె ఒక్క మాట అనుంటే నా ఈగలూ బతికేవి, నేనూ బతికేవాణ్ణి. నన్ను నొప్పించకూడదని వాళ్ళు నోరు మూసుకుని ఉతుక్కుంటున్న రోజుల్లోనే నేను పాలబూత్ దగ్గర ఆ మాట అన్నాను. ధర్మారావూ, నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఇక్కడే ఉండిపోమని శౌరిని అడిగాను. పందిరి నేనే వేయిస్తానన్నాను. అతను తాడు ముడి వేస్తూ నా వైపు చూడకుండా చెప్పాడు.

'పందిరిదేముంది సార్, ఎక్కడైనా వేసుకోవచ్చు. మీరు అందరి ముందూ అంత గట్టిగా అన్నారు గదా, ఆ రోజు రాత్రి మా ఏంజెలా నన్నడిగింది. నాన్నా, నిజం చెప్పు, నువ్వేమీ కొట్టలేదా అని. పిల్ల నన్నెప్పుడూ అలా అడగలేదండి. అప్పట్నుంచీ ఈ ఇంట్లో ఉండబుద్ధి కావడంలేదు.'

ఆ పిల్ల లోపలిగదిలో పుస్తకాలు డబ్బాలో సర్దుతోంది. ఎవరూ పిలవకుండానే నేను ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. దానికి తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. నా మిల్లు హిందీలోనే చెప్పాను. 'బేటీ, మీ నాన్న ఏ తప్పూ చేయలేదు. తప్పంతా నాది. నువ్వు ఆయన్ని ఎప్పుడూ అనుమానించకు.'

తలెత్తి చూసింది. 'పాపానే తో ఉసీ దిన్ బోలా థా, అంకుల్' అంది. 'మైనే నహీఁ మానా.' నాన్న ఆ రోజే చెప్పాడు, తనే నమ్మలేదట. అని మళ్ళీ పుస్తకాల మీదికి వంగింది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. నేను కూడగట్టుకున్న మాటలన్నీ బయట పాలబూత్ దగ్గరే అయిపోయాయి.

వెనకనుంచి శౌరి 'అమ్మా, అంకుల్‌కి కుర్చీ వెయ్' అన్నాడు.

కుర్చీ ఆమె పక్కనే ఉంది. వేయలేదు. శౌరి రెండోసారి చెప్పలేదు. వాళ్ళ మూటలన్నీ ట్రక్కులోకి వెళ్ళేదాకా నేను అక్కడే నిలబడ్డాను. వేయనందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

నరసింగరావు